జీతానికి నాలుగు రెట్ల దగ్గరే ఎందుకు ఆగారంటే

చిన్నా,

మొన్న ఫోన్‌లో చాలా కోపంగా మాట్లాడావు. డబ్లిన్‌లో బ్యాంకువాళ్లు జీతానికి నాలుగు రెట్లకు మించి లోన్ ఇవ్వమంటున్నారని, ఈఎంఐ కంటే అద్దే ఎక్కువ కడుతున్నామని. నీ బాధ నిజమే. కానీ ఇన్నేళ్లు బ్యాంకులో లోన్లు చూసిన దాన్ని, ఆ నిబంధనను మాత్రం తిట్టలేను.

2006లో మీరున్న ఆ చిన్న దేశం ఐర్లండ్‌లో దాదాపు 90 వేల ఇళ్లు కట్టారు. జనాభా 42 లక్షలు. పనిచేసేవాళ్లలో ఎనిమిదిమందికి ఒకరు నిర్మాణ రంగంలోనే ఉండేవారు. యూరోలో చేరాక వడ్డీ రేటు ఐర్లండ్ చేతిలో లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు యూరో వాడే అన్ని దేశాలకూ కలిపి నిర్ణయించేది. 2003 మధ్య నుంచి 2005 చివరిదాకా అది 2 శాతమే. అప్పటికే పరుగులో ఉన్న ఐర్లండ్‌కు అది మరీ చవక డబ్బు. వడ్డీతో పగ్గం వేయలేనప్పుడు పన్నులతోనో, బ్యాంకుల మీద ఆంక్షలతోనో వేయాలి కదా! ఐర్లండ్ ప్రభుత్వం మాత్రం లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్ లాంటి జనం పలచగా ఉండే కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఇళ్లు కడితే పన్ను రాయితీలిచ్చారు. కొన్ని బ్యాంకులు ఇంటి ధరలో నూటికి నూరు శాతం అప్పిచ్చాయి. స్టాంపు డ్యూటీ వచ్చి పడుతుంటే, ఆ రాబడి ఎప్పటికీ ఉంటుందనుకుని ప్రభుత్వం ఖర్చులు పెంచుకుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే.

తర్వాత జరిగింది నీకూ తెలుసు. 2008లో బ్యాంకులు కూలిపోయేలా ఉంటే, వాటి బాకీలకు ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2010లో తనే ఐఎంఎఫ్, యూరప్ దేశాల దగ్గర చేయి చాచాల్సి వచ్చింది. ఇళ్ల ధరలు సగానికి పడిపోయాయి.

కానీ చిన్నా, కథ అక్కడ ఆగలేదు. పని పోయిన మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఆస్ట్రేలియాకు, కెనడాకు వెళ్లిపోయారు. కట్టే కంపెనీలు మూతపడ్డాయి. 2013లో దేశం మొత్తం మీద 5 వేల ఇళ్లు కూడా పూర్తికాలేదు. ఇవాళ నీకు ఇల్లు దొరకకపోవడానికి పెద్ద కారణం అదే. అందుకే నిర్మాణం పెరిగితే ప్రమాదమని నేననను. ఏటా నిలకడగా సాగాలంటాను. ప్రైవేటు బిల్డర్లు జోరు మీదున్నప్పుడు తొందరలేని సర్కారు పనులు కొన్ని ఆపుకోవాలి. వాళ్లు చల్లబడ్డప్పుడు సర్కారే ఇళ్లు కట్టించి పనివాళ్లను నిలబెట్టుకోవాలి. మంచిరోజుల్లో వచ్చిన అదనపు పన్ను అందుకే దాచాలి.

2015లో అక్కడి సెంట్రల్ బ్యాంకు అప్పును జీతానికి మూడున్నర రెట్లకు కట్టడి చేసింది. మొదటి ఇల్లు కొనేవాళ్లకు 2023 నుంచి నాలుగు రెట్లు చేసింది. ఇళ్లు తక్కువ ఉన్నచోట అప్పు పెంచితే ధరే పెరుగుతుంది తప్ప ఇంకో ఇల్లు లేవదు.

ఇక్కడి స్థలం అమ్మి పంపిస్తానని నాన్నగారు అంటున్నారు. ఆ మాట ఇప్పుడే వద్దు. ముందు బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితాలు పంపు. వడ్డీ ఎన్నేళ్లు ఫిక్స్‌డ్‌గా ఉంటుందో చూడాలి.

ప్రేమతో,
అమ్మ