ఎన్నికల ప్రచార బోర్డు ఇంటివారి ఇష్టంతో, ఇంటి ఆవరణలోనే ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పంచాయతీ ఎన్నికల మాట ఊళ్లలో మళ్లీ మొదలైంది కాబట్టి, పోటీకి సిద్ధపడుతున్నవారు ఫ్లెక్సీలకు ఆర్డర్లు ఇవ్వకముందే ఒక విషయం మీ పత్రిక ద్వారా వారి దృష్టికి తేవాలని రాస్తున్నాను. ప్రచార బోర్డులే వద్దని నేను అనడం లేదు. అభ్యర్థి పేరు, గుర్తు ఓటరు కంటపడాలి. పార్టీ గుర్తులు లేకుండా జరిగే పంచాయతీ ఎన్నికల్లో ఇది మరీ అవసరం, ఎందుకంటే నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే అభ్యర్థికి ఉంగరమో కత్తెరో కేటాయిస్తారు, ఆపైన పోలింగుకు మిగిలేది కొద్ది రోజులే. నా కోరికల్లా ఆ బోర్డు కాలువగట్టు మీదా, కరెంటు స్తంభానికీ, కొబ్బరి చెట్టుకూ కాకుండా, ఇష్టపడి ఒప్పుకున్న ఇంటివారి ఆవరణలో చిన్నదిగా ఉండాలనే.

కోనసీమలో కొబ్బరి చెట్టుకు మేకు కొట్టడాన్ని చాలామంది తప్పుగా భావించరు. మామిడికో వేపకో గాయమైతే చుట్టూ బెరడు పెరిగి క్రమంగా పూడుతుంది. కొబ్బరి మానుకు ఆ శక్తి లేదు, పడిన గాటు చెట్టు బతికినంతకాలం అలాగే ఉంటుంది. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది అటువంటి గాయాలనే. పిల్లపురుగులు లోపల మానును తొలిచేస్తున్నా పైకి కనిపించేది చిన్న రంధ్రం, దాని నుంచి కారే గోధుమరంగు జిగురు మాత్రమే; మొవ్వు వాలిపోయాక ఇక చేయగలిగిందేమీ ఉండదు. మా తోటలో రోడ్డు వార చెట్లకు పాత ఎన్నికల నాటి మేకులు తుప్పుపట్టి ఇప్పటికీ ఉన్నాయి, కొన్నింటికి ఫ్లెక్సీ మూల ముక్క, ప్లాస్టిక్ తాడు కూడా వేలాడుతున్నాయి. ఇక గాలికి తెగిన ఫ్లెక్సీ కాలువలో పడితే కుళ్లదు, కరగదు. అది తూము దగ్గర అడ్డుపడితే సార్వా నాట్ల వేళ ఇబ్బందిపడేది శివారు చేల రైతే.

అమెరికాలో అభ్యర్థిని మెచ్చినవారు తమ ఇంటి ముందు గడ్డిలో చిన్న బోర్డు పాతుకుంటారు. ఆ బోర్డుల ప్రభావం ఎంతన్నది కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులు నాలుగు ఎన్నికల్లో పరీక్షించారు. ఏ ప్రాంతంలో బోర్డులు పెట్టాలో చీటీ తీసినట్టు ఎంచుకుని, పెట్టని ప్రాంతాలతో ఓట్లను పోల్చి చూసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. నాలుగింటినీ కలిపి చూస్తే ఓట్ల వాటాలో వచ్చిన తేడా సుమారు 1.7 శాతం పాయింట్లు. పదీ ఇరవై ఓట్లతో గెలుపోటములు తేలే మన ఊళ్లలో అది తీసిపారేయదగిన తేడా కాదు, అలాగని ఖర్చులో సింహభాగం దానికే పోయదగినంత పెద్దదీ కాదు. 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో 10 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 1.50 లక్షల రూపాయలు. సెంటరులో నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టుకుంటూ పోతే అందులో ఎంత మిగులుతుందో అభ్యర్థులే లెక్క చూసుకోవాలి.

ఇంటివారి అనుమతి అనేది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఒకరి స్థలాన్ని, ఇంటిని, ప్రహరీని వారి అనుమతి లేకుండా జెండాలకు, బ్యానర్లకు, నినాదాలకు వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి స్పష్టంగానే చెబుతోంది. అయినా తెల్లారి లేచేసరికి గోడ మీద గుర్తు ఉంటుంది. చెరపమంటే ఒకరితో పగ, ఊరుకుంటే ఇంకొకరితో అనుమానం. భూమిగల ఆసామి అభ్యర్థిగానో అభ్యర్థి బంధువుగానో వచ్చి నిలబడితే ఆయన చేను చేసే కౌలుదారు కాదనలేడు. అందుకే అనుమతి అడగడానికి నలుగురూ కలిసి వెళ్లకుండా, ఇంటివారికి పరిచయమున్న ఒక్కరే వెళ్లి అడగాలి, వద్దంటే మారుమాటాడకుండా తిరిగి రావాలి. ఒప్పుకున్నవారి చేత కాగితం మీద సంతకం తీసుకోవాలి.

బోర్డు తయారీలోనూ కాస్త ఆలోచన ఉండాలి. పేరు, గుర్తు, వార్డు నంబరు చాలు. పదిమంది నాయకుల ఫొటోలు చేరితే అభ్యర్థి ముఖమే కనిపించదు. అక్షరం మరీ లావైతే వత్తులు, గుణింతాలు పూడుకుపోయి దూరం నుంచి చదవలేం. అరటి, కొబ్బరి, వరిచేల మధ్య ఆకుపచ్చ బోర్డు కలిసిపోతుంది కనుక తెల్లటి నేల మీద నల్లటి లేదా ముదురు నీలం అక్షరాలు మేలు. రోడ్డుకు సమాంతరంగా కాకుండా అడ్డంగా, మోటారు సైకిలు నడిపేవారి కంటి ఎత్తులో ఉండాలి. మలుపుల్లో ఎదురు వాహనాన్ని మరుగుపరిచే చోట అసలు పెట్టకూడదు. గుడ్డ మీద రాయించి వెదురు బద్దల చట్రానికి బిగిస్తే సరిపోతుంది, మన ఊళ్లలో మిగిలిన పెయింటర్లకు నాలుగు రోజుల పనీ దొరుకుతుంది.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికల పోస్టర్ల మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలని 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతోంది. ఊరి ఎన్నికల్లోనూ ప్రతి బోర్డు కింద ఆ వివరాలు కచ్చితంగా కనిపించేలా అధికారులు చూడాలి. ఏ ఇంట ఎన్ని బోర్డులు పెట్టారో, ఇంటివారి అనుమతి పత్రాలతో సహా అభ్యర్థులు ఖర్చుల లెక్కతోపాటు ఇవ్వాలని, పోలింగు ముగిసిన మూడు రోజుల్లో వాటిని తామే తీయించి మేకులు, తాళ్లతో సహా పట్టుకెళ్లాలని రాష్ట్ర ఎన్నికల సంఘం నామినేషన్ల నాడే వారి చేత రాయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా