తొలి నవలకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

చీరాల-పేరాల ఉద్యమకాలంలో ఇల్లు వదిలి రామనగరం చేరిన ఒక చేనేత కుటుంబం గురించి నేను రాసిన తొలి నవల ఈ నెలలో అచ్చయి పాఠకులకు చేరింది. సాయపడిన వారందరి పేర్లూ పుస్తకం మొదటి పేజీల్లోనే ఉన్నాయి. అయితే పేరు మాత్రం వేసి ఊరుకుంటే ఎవరు ఏ పని చేసిపెట్టారో చదివేవారికి తెలియదు. నవల బాగుందని రాస్తున్నవారు ప్రత్యేకంగా మెచ్చుకుంటున్న చోట్లు చాలావరకు వారి చలవే కనుక, ఆ సంగతి వివరంగా చెప్పుకోవడం నా బాధ్యత.

మొదటి నమస్కారం వేటపాలెంలోని సారస్వత నికేతనానికి. మద్రాసు ప్రభుత్వం 1919లో చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘం చేయడం, ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్నులు 40,000 రూపాయలకు పెరగడం, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి వెలుపల రామనగరం అనే పేరుతో పాకలు వేసుకుని సుమారు 11 నెలలు గడపడం చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ రోజుల్లో మనుషులు ఏయే వస్తువులు కొనుక్కునేవారో, అర్జీ రాస్తే ఎలా మొదలుపెట్టేవారో తెలియాలంటే పాత పత్రికల్లో ప్రకటనలు, పాఠకుల లేఖలు చదవవలసిందే. 1918 నుంచి నడుస్తున్న ఆ గ్రంథాలయ సిబ్బంది నా ముందు సంపుటాలు పెట్టి, పెళుసుబారిన కాగితం చిరగకుండా పేజీ ఎలా తిప్పాలో నేర్పి, అడగని సంచికలు కూడా గుర్తుపెట్టుకుని తీసి ఉంచారు.

చీరాల దగ్గరి జాండ్రపేటలోని ఒక చేనేత పెద్దాయనకు నేను తీర్చలేనంత రుణపడ్డాను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1971లో చేనేత మీద వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం నా దగ్గర ఉంది. నాడె (అడ్డపోగును అటూఇటూ నడిపేది), దోనె (నేసిన బట్టను చుట్టే కర్ర), అచ్చు (పోగులు దూర్చే దువ్వెనలాంటి పలక) వంటి పేర్లన్నీ అందులో ఉన్నాయి. కానీ బట్ట సగం నేసి ఉండగా ఊరు విడిచిపోవలసి వస్తే నేతవాళ్లు ఏం చేస్తారన్న ప్రశ్నకు పదకోశంలో జవాబు ఉండదు కదా. నా ప్రశ్న విని ఆయన గుంట మగ్గంలోంచి లేచి, “కోసేస్తామా ఏమిటమ్మా?” అంటూ, నేసినంత బట్టను దోనె మీదే ఉంచి, మిగిలిన పడుగును, అంటే నిలువు పోగులను, అచ్చుతో సహా ఎలా చుట్టాలో చూపించారు. రెండో కొస ఆయన భార్య పట్టుకున్నారు. ఇద్దరూ ఒకే బిగువుతో చుట్టకపోతే పోగులు వదులై, మళ్లీ మగ్గానికి ఎక్కించినప్పుడు చిక్కుపడతాయని ఆమె చెప్పారు. నవలలో భర్త గోపాలకృష్ణయ్య గారి స్వచ్ఛంద సేవకుల దళమైన రామదండుతో కలిసి ఊళ్లు తిరుగుతుండగా అత్తాకోడళ్లు దీపం వెలుగులో పడుగు చుట్టే అధ్యాయం ఆ దంపతులు నాకిచ్చిందే.

ఇక నా సంపాదకురాలి గురించి. తెలుగులో రాతప్రతిని అక్షరదోషాలకు మించి చదివిపెట్టేవారు అరుదు. చాలా నవలలు రచయిత ఇచ్చినవి ఇచ్చినట్టే అచ్చుకు వెళుతున్నాయి, అది రచయితలకూ పాఠకులకూ నష్టమేనని నా నమ్మకం. ఆమె ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో ప్రశ్నలు రాశారు. ఒకచోట ఇలా ఉంది: “గోపాలకృష్ణయ్య గారు మాట్లాడుతున్నంతసేపూ మీ మనుషులు నిలబడి వింటున్నారు. విన్నాక ఇంటికి వెళ్లి ముందుగా ఏం మూటకట్టారో రాయండి.” ఆ ఒక్క మాటతో ఉపన్యాసాలు కుదించుకుపోయి, ఆ స్థానంలో రోలు తీసుకెళ్లాలా వద్దా అన్న వాదన వచ్చింది. పన్నుల చరిత్ర చెప్పే మొదటి అధ్యాయం మొత్తం తీసేసి, పన్ను కాగితాన్ని బడికి వెళ్లే పిల్లవాడి చేత ఇంట్లో పెద్దలకు చదివించమన్నది కూడా ఆమే. సంభాషణల్లో చీరాల ప్రాంతపు యాసను ఉంచి కథనాన్ని అందరికీ అలవాటైన వాడుకభాషలో నడపమని చెప్పి, ఏ పాత్ర ఏ మాట ఎలా పలుకుతుందో చివరిదాకా ఒకే తీరుగా ఉండేలా పట్టిక వేసి సరిచూశారు. ఇంత శ్రమకు ఆమె తీసుకున్న పారితోషికం చాలా తక్కువ.

డీటీపీ చేసినవారికీ, ప్రూఫులు దిద్దిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుల వారికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. యూనికోడ్‌లో రాసినదాన్ని అచ్చు కోసం ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలోకి మార్చినప్పుడు ‘మద్రాస్‌లో’ అన్నది ‘మద్రాస్లో’ అయిపోతుంది, ‘కలెక్టర్‌కు’ అన్నది గుర్తుపట్టలేని రూపం దాలుస్తుంది. 1921 నాటి కథలో ఇలాంటి మాటలు పేజీపేజీకీ వస్తాయి. మాస్టారు వాటన్నిటినీ ఎర్రసిరాతో గుర్తించి, దిద్దిన ప్రూఫును రాతప్రతితో వరుసకు వరుస పోల్చి చూశారు.

పుస్తకం 1/8 డెమ్మీ సైజు. 16 పేజీలకు ఒక ఫారం చొప్పున 19 ఫారాలకు సరిపోవలసింది మూడు పేజీలు ఎక్కువ వచ్చినప్పుడు, అక్షరం చిన్నది చేస్తే పెద్దవాళ్లు చదవలేరని చెప్పి, అధ్యాయాల మొదట వదిలే ఖాళీని సర్ది 304 పేజీల్లో ఇమిడ్చిన ప్రెస్సువారి శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది. ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు చేయడం, 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయం మొదలైనవాటికి ప్రతులు పంపడం వంటివన్నీ ప్రచురణకర్తలే చూసుకున్నారు.

పుస్తకం రాకముందే డబ్బు కట్టి ప్రతులు కేటాయించుకున్న మిత్రులకు, ముఖ్యంగా ఒక్కొక్కరు పది ప్రతులకు చెల్లించి వాటిని తమ ఊరి గ్రంథాలయాలకు పంపమన్న ప్రవాస తెలుగువారికి, మనసారా ధన్యవాదాలు. కాగితం కొనడానికి అక్కరకు వచ్చింది ఆ సొమ్మే. వేటపాలెం, జాండ్రపేట ప్రతులను నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను, మిగిలినవి తపాలాలో బయలుదేరాయి. చదివినవారు మగ్గం పనిలో గానీ, చీరాల మాటతీరులో గానీ తేడా కనిపిస్తే పేజీ సంఖ్యతో సహా నాకు రాయవలసిందిగా ప్రార్థన. రెండో ముద్రణకు ప్రూఫులు దిద్దిపెడతానని మాస్టారు ఇప్పటికే మాట ఇచ్చారు.