మోటు రోడ్డు మునిగేది మోటు వానకు కాదు

ఒడిశా పనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మల్కన్‌గిరి జిల్లా మోటు, కలిమెల ప్రాంతాల తెలుగువాళ్ళం ఈ లేఖ రాస్తున్నాం.

చింతూరు వైపు పోయే 326వ నంబరు జాతీయ రహదారి మోటు దగ్గర ఎండ కాస్తున్న రోజున కూడా మునుగుతుంది. కూనవరం వద్ద గోదావరి నిండుగా ఉంటే శబరి అందులో కలవలేక వెనక్కి తంతుంది. ఆ ఎగపోటు శబరి, సీలేరు కలిసే మోటు దాకా వచ్చి వాగుల్లోకి ఎదురెక్కుతుంది. 2022 జులై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 తర్వాత అదే ఎక్కువ. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు 1950-2015 మధ్య సుమారు మూడు రెట్లయ్యాయని 2017లో వెలువడిన పరిశోధన చెబుతోంది. ఆ నీళ్ళలో కొంత దిగేది గోదావరిలోకే.

ఒక్క మేలేమంటే, ఎగపోటు చెప్పే వస్తుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు మూడు హెచ్చరికలున్నాయి. అయితే అవి ఆ ఊరి లెక్క, మోటుది కాదు. శబరి మీద ఛత్తీస్‌గఢ్‌లోని కుంట (కోంటా) ఊళ్ళో కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలత ఉంది. రోడ్డులో పల్లంగా ఉన్న ప్రతిచోటా లెవెల్ తీయించి, 2022 వరద మరకలతో సరిచూసి, భద్రాచలంలో ఇంత, కుంటలో ఇంత ఉంటే ఇక్కడ ఎంత లోతు వస్తుందో పట్టిక వేయించండి. ముందురోజే తెలిస్తే భద్రాచలం ఆసుపత్రికి పోవాల్సిన మనిషి ఒక పూట ముందే బయల్దేరతాడు, సరుకు లారీ మల్కన్‌గిరిలోనే ఆగుతుంది. తెలియకపోతే బస్సు నీళ్ళ దాకా వచ్చి జనాన్ని దింపేస్తుంది, బైకులు నాటు పడవలెక్కుతాయి.

నీటి లోతు చూపే గేజి కర్రలు బస్సాగే చోట కాదు, అతి పల్లమైన చోట రోడ్డుకు రెండు వైపులా పాతాలి. రోడ్డు నడిమి మట్టమే సున్నా, పది సెంటీమీటర్లకో గీత, రాత్రి మెరిసే రంగు. పారే నీళ్ళు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును తేల్చేస్తాయి. ముప్పై దగ్గర ఎర్ర గీత చాలు, ఇంకో బోర్డు అక్కర్లేదు.

అసలు నష్టం నీళ్ళు తీశాక జరుగుతుంది. వరద గబగబా దిగితే కట్టకు బయటి ఆనిక పోతుంది, లోపల ఇంకిన నీరు మాత్రం బయటికి నెడుతూనే ఉంటుంది. పైన తారు నున్నగానే కనబడుతుంది. మొదటి లోడు లారీ అంచుకు ఒరిగిందంటే మార్జిన్ జారిపోయినట్టే. అందుకే తెరిచేముందు అంచుల్లో గునపం దింపి చూడాలి. ముందు బైకులు, ఆటోలు, తర్వాత బస్సులు, మట్టి గట్టిపడ్డాకే లోడు లారీలు.

ఇక ఎత్తు పెంచడం. కట్ట పైపొర అడుగుభాగం గరిష్ఠ వరద మట్టానికి 0.6 నుంచి 1 మీటరు పైన ఉండాలన్నది నియమం. నీళ్ళు పారే ఖాళీలు వదలకుండా ఎత్తితే అదే ఆనకట్టవుతుంది. చిన్న పైపు తూములు వెదుళ్ళు, మొద్దులతో పూడిపోతాయి కాబట్టి బాక్సు కల్వర్టులే కావాలి. కట్ట వాలు కోసుకుపోకుండా రివిట్‌మెంట్ రాళ్ళు రెండు వైపులా పరచాలి, నీళ్ళు రెండు దిక్కులా పారతాయి గనుక. పోలవరం డ్యాం వెనుక నిలిచే జలాల వ్యాజ్యం సుప్రీంకోర్టులో తేలేదాకా రోడ్డు ఎత్తు తేల్చం అంటే మాత్రం మాకు సమ్మతం కాదు.

ముందు ఆ పట్టిక. జూన్ మొదటి వారానికల్లా మోటు, కలిమెల, మల్కన్‌గిరి బస్టాండ్లలో ఒడియాలోనూ తెలుగులోనూ అంటించండి. ఒక ప్రతి చింతూరు, కుంట అధికారులకూ పంపండి.

ఇట్లు,
మోటు, కలిమెల ప్రాంతాల తెలుగువాళ్ళం