మా భజన పుస్తకాలను దక్కించిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. మారిషస్‌లో నేనుండే ఊరి తెలుగు సంఘం పెద్దలు రాయమంటే, వాళ్ళ తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2024 జనవరిలో బెలాల్ తుఫాను వెళ్ళిపోయాక సంఘం హాలు తలుపు తీస్తే బీరువా కింది అరలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. రామభజనం పుస్తకాలు ఉండేది ఆ అరలోనే. మొత్తం ఐదు నోటుపుస్తకాలు, తడిసి ముద్దయిపోయాయి. ఒక పెద్దాయన వాటిని ఎండలో ఆరేయబోతుంటే ఆపి, ఫోటోలు తీసి, ఏం చేయాలో ఇక్కడే పోస్టు పెట్టి మిమ్మల్ని అడిగాను. అరగంటలో హైదరాబాదు నుంచి లైబ్రరీలో పనిచేసే ఒక అక్క ఫోన్ చేశారు. "ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు, కాగితాలు విడదీయొద్దు. కవర్లో పెట్టి ముందు ఫ్రీజర్‌లో పెట్టేయండి, బూజు పట్టకుండా ఆగుతుంది" అన్నారు. అక్కా, ఆ మాట వినకపోయుంటే ఇవాళ ఈ పోస్టు లేదు. తర్వాత ఒక్కొక్క పుస్తకం బయటికి తీసి, పేజీల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. పూటకోసారి కాగితాలు మార్చింది సంఘంలోని ఆడవాళ్ళే. ఆరాక అట్టల మీద దీపం నూనె మరకలు, కర్పూరం మసి వేలిముద్రలు అలాగే ఉన్నాయి. అవి పోనందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఈ ఊరివాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద ఓడలెక్కి వచ్చినవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో మనవాళ్ళను ఇక్కడ కోరంగివాళ్ళు అనేవారు. ఇప్పుడు ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. ఉగాదికి దేశమంతటా సెలవు ఉంది, బడిలో పిల్లలకు తెలుగు పాఠం ఉంది. కానీ ఈ పుస్తకాలు రాసిన పెద్దలకు తెలుగు అక్షరాలు రావు. నడుమ దీపం పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడే పాటలను చెవిన పడ్డట్టు, తమకు వచ్చిన ఫ్రెంచి పద్ధతిలో రాసుకున్నారు. ఫ్రెంచిలో 'ఉ' పలకాలంటే ఓ, యు రెండక్షరాలూ కలిపి రాస్తారు. ఆ సంగతి తెలియక నేను 'రాముడు'ని 'రామౌడౌ' అని చదువుకుంటూ వారం రోజులు కూర్చున్నాను. మాది తెనాలి, ఆ పాటల్లోని ఉత్తరాంధ్ర మాటలు కూడా నాకు సగం అందలేదు.

అక్కడ మీరు చేసిన సాయం ఎప్పటికీ మర్చిపోలేను. శ్రీకాకుళం, బొబ్బిలి, అనకాపల్లి వైపు నుంచి ఎంతమంది రాత్రుళ్ళు మేలుకుని ఆ ఫోటోలు చూశారో. కొందరు వాళ్ళ అమ్మమ్మలకు ఫోన్‌లో చదివి వినిపించి, వాళ్ళు ఏమన్నారో రికార్డు చేసి పంపారు.

ఒక్క సంగతి చెప్తాను. ఒక పాటలో 'ఆదివారం' అని ఉంది. సంఘంలో ఆ పాటను ఆదివారాలే పాడతారు, మిగతా రోజుల్లో ముట్టుకోరు. నేనూ అదే రాసుకున్నాను. విశాఖ నుంచి రిటైరైన మాస్టారు ఒకరు, "అమ్మా, ఆ రాతలో దీర్ఘం ఎక్కడుందో తెలియదు కదా. ఇది సింహాద్రి అప్పన్న పాట. అడివివరం అయ్యుంటుంది, చూడండి" అన్నారు. సింహాచలం కొండ కింద ఊరు. ఆ ఒక్క మాట మార్చుకుని చదివితే పాటంతా దానంతటదే విడిపోయింది. వారం కాదు, కొండెక్కే ముందు ఆగే చోటు! సంఘంలో డెబ్బై దాటిన పెద్దావిడకు మ్యాపులో ఆ ఊరు చూపించాను. తెర మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు. "మా తాత ఈ దారినే నడిచాడా?" అని క్రియోల్‌లో అడిగింది. నాకు గొంతు పెగల్లేదు.

మాస్టారూ, మీకు ఇంకో దణ్ణం. ఆ మాట చెప్పి ఊరుకోకుండా, "వాళ్ళ పాట దిద్దకండి. వాళ్ళు ఆదివారం అని పాడుకుంటే అలాగే పాడనివ్వండి, పక్కన మాత్రం ఇలా అని రాయండి" అన్నారు. మిగతావాళ్ళు కూడా ఎవరూ 'ఇది తప్పు తెలుగు' అని ఒక్క గీత గీయలేదు. ఇన్నేళ్ళు నోటితో మోసుకొచ్చినవాళ్ళకు అంతకు మించిన మర్యాద ఏముంటుంది! శుద్ధప్రతిలో ఒక పక్క వాళ్ళ రాత, ఒక పక్క తెలుగు లిపి వేశాం. ఆదివారం పాట ఇప్పటికీ ఆదివారమే పాడుతున్నారు.

ఇక్కడి మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసవచ్చినవాళ్ళ పాత రిజిస్టర్లు ఉన్నాయి. ఈ పుస్తకాల్లో ఉన్న కుటుంబాల పేర్లను వాటిలో వెతుక్కోవచ్చని చెప్పిన తమ్ముడికీ, టైపింగ్ డబ్బు వద్దన్న చెల్లికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

మొత్తం నలభై ఒక్క పాటల్లో ముప్పై ఎనిమిది తేలాయి. మూడు ఇంకా అర్థం కాలేదు. రేపు సాయంత్రం వాటి ఫోటోలు మళ్ళీ పెడతాను, పెద్దవాళ్ళు పాడిన ఆడియోతో సహా. మీ ఇంట్లో అమ్మమ్మలుంటే ఒక్కసారి వినిపించండి.