ఆముదం వాసన కొట్టిన విమానం

రేయ్ బావా,

ఉగాదికి రాస్తానన్నాను. ఉగాది పోయింది, శ్రీరామనవమి పోయింది, నీ పుట్టినరోజు కూడా పోయింది. తప్పు నాదే, మనసులో పెట్టుకోకు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే మధ్యలో పాలవాడితో లెక్కలు మాట్లాడతావు. ఇది అలా వినే సంగతి కాదు. అరుగు మీద కూర్చుని చదువు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. మీ చెల్లెలు కొత్త ఉద్యోగంలో చేరింది. పాపకి ముందు పళ్ళు రెండు ఊడాయి. నాయన మోకాలి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, వారం వారం వెళ్ళి చూసి వస్తున్నావని అమ్మ చెప్పింది. దాని గురించి రాద్దామంటే మాటలు రావడం లేదు. తర్వాత ఎప్పుడైనా.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల ఒక శనివారం సాయంత్రం పాపని తీసుకుని ఇక్కడ ఇంగ్లండ్‌లో ఓల్డ్ వార్డెన్ వెళ్ళాను. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఒక పల్లె అది. అక్కడ షటిల్‌వర్త్ కలెక్షన్ అని పాత విమానాల సంస్థ ఉంది. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే కుర్రాడు 1928లో పాత బండ్లు, విమానాలు పోగేయడం మొదలుపెట్టాడు. 1940లో వైమానిక దళంలో శిక్షణలో ఉండగా విమానం కూలి చనిపోయాడు, ముప్పై ఒక్కేళ్ళకే. ఒక్కడే కొడుకు. ఆ తల్లి 1944లో ఆస్తిని ట్రస్టుకి రాసిచ్చింది. అందుకే ఆ విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి. కొడుకు ఫోటోకి దండ వేసి ఊరుకోకుండా అతని విమానాలను ఎగరనిచ్చిన తల్లి అనుకో.

డక్స్‌ఫర్డ్ విమాన షో గురించి నీకు ఇంతకుముందే రాశాను కదా, రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానాలు స్పిట్‌ఫైర్లు వరసగా లేచినప్పుడు గుండెలో అదురు పుట్టిందని. ఓల్డ్ వార్డెన్ అలా ఉండదు. గడ్డి మైదానం, దాని అంచున కొయ్య కంచె, కంచె ఇవతల మడత కుర్చీలు, ఫ్లాస్కులు, దుప్పట్లు, అంతే. జనం నిలబడే గీత మధ్యలో మోచేయిలా వంగి ఉంటుంది. అందువల్ల విమానం మన చుట్టూ ఒరిగి తిరుగుతుంది, రెక్కల పైభాగం అంతా కనిపిస్తుంది. గద్ద మన బావి చుట్టూ తిరిగినట్టు.

ఆ రోజు గాలి బాగా వీచింది. వందేళ్ళ నాటి విమానాలంటే వెదురు కర్రలకి గుడ్డ చుట్టినంత తేలిక. గాలి తగ్గితేనే వాటిని బయటికి తీస్తారు. సాయంత్రం షోలు పెట్టేదే అందుకు, పొద్దు వాలేటప్పుడు గాలి పడుతుందని. కొత్తరకం విమానాలు, అంటే ఎనభై తొంభై ఏళ్ళవి, ఎగిరాయి. ఎర్రటి డీహెచ్ 88 కామెట్ ఎగిరింది. 1934లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ దాకా జరిగిన పందెంలో గెలిచిన విమానం అదే. అయినా అక్కడున్న వాళ్ళ చూపంతా మైదానం అవతల, గాలి వీస్తే ఉబ్బి లేచే గాలిసంచి మీదే. అది నిలువుగా వేలాడితే చాలు. ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది. ఎవరూ లేవడం లేదు. పాప "నాన్నా, ఆ గుడ్డ నిద్రపోవాలా?" అంది. అవునమ్మా, అది నిద్రపోతే విమానం లేస్తుంది అన్నాను.

నిద్రపోయిందిరా బావా. తొమ్మిదికి కాస్త ముందు గాలిసంచి చల్లగా కిందికి వాలింది. చప్పట్లు! ఒక గుడ్డసంచి కిందికి వాలినందుకు అంతమంది చప్పట్లు కొట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పుడు ఎవ్రో 504కె నీ, చిన్న సాప్‌విత్ పప్‌నీ తోసుకొచ్చారు. రెండూ మొదటి ప్రపంచయుద్ధం నాటి రకాలు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ఒక అమ్మాయి పప్ ముందు నిలబడి ప్రొపెల్లర్ పట్టుకుని తిప్పింది. పక్కనే తెల్ల జుట్టు పెద్దాయన ఆమె చేతులనే చూస్తూ నిలబడ్డాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి రాలేదు. మూడోసారి ఠప్ ఠప్ ఠప్‌మని అందుకుని గిర్రున తిరిగింది. తోక కింద నుంచి నీలం పొగ గడ్డి మీద పాకుతూ మా వైపు వచ్చింది.

ఆ పొగ ముక్కుకి తగిలింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఆముదం, బావా! మన ఆముదం! మా నాయనమ్మ వంటాముదం!

గుర్తుందా? గింజలు మంగలంలో వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దని పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడికించేది. నూనె పైకి తేలితే గరిటెతో మెల్లగా తీసి, మళ్ళీ కాచి, గుడ్డలో వడకట్టేది. దొడ్డి అంతా ఆ వాసనే. పొయ్యి ఊదమని మనిద్దర్నీ కూర్చోబెడితే నువ్వు ఉల్లిగడ్డ కాల్చుకోవడానికి నిప్పులు లాగేసేవాడివి. ఆ తర్వాత ఆదివారం పొద్దున్నే ముక్కు మూసి పట్టించేవారు కదా, ఆ సంగతి వద్దు. ఇక్కడ మైదానంలో ఎనిమిది వేల కిలోమీటర్ల దూరాన నిలబడి నాకు ఆ కుండ కనిపించింది. పక్కనున్న ఆవిడ ఏమయింది అని అడిగింది. మా నాయనమ్మ అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

ఆముదం ఎందుకో చెప్తాను, నీకు ఇది నచ్చుతుంది. ఎనిమిదో తరగతి ఫ్యాను గుర్తుందా? (సైన్సు సారు ముందు ఇప్పటికీ ఆ మాట ఎత్తకు.) మనం అది విప్పినప్పుడు చూశాం కదా, సీలింగు ఫ్యానులో మధ్య కడ్డీ కదలదు, బయటి డిప్ప తిరుగుతుంది. ఈ పాత విమానాల రోటరీ ఇంజను అచ్చం అంతే. మధ్యలో క్రాంక్‌షాఫ్ట్‌ని విమానానికి బిగించేస్తారు. చుట్టూ తొమ్మిది సిలిండర్లు, వాటికి బిగించిన ప్రొపెల్లర్, మొత్తం ఇంజనే గిరగిరా తిరుగుతుంది. పెట్రోలు, గాలి, నూనె అన్నీ ఆ తిరిగే పెట్టెలోంచే పోతాయి. మామూలు ఇంజనాయిలు పెట్రోల్లో కరిగిపోతుంది. ఆముదం అంత సులువుగా కరగదు, జిగట వదలదు. వాడిన నూనె తిరిగి రాదు, కాలినంత కాలి మిగతాది బయటికి చిమ్ముతుంది, పైలట్ మొహం మీద, రెక్కల మీద. ఆ రోజుల్లో పైలట్లకి కడుపు కదిలేదని ఇక్కడి వాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. నిజంగానే ఆముదం తాగిన మొహాలు!

దిగేటప్పుడు ఆ చప్పుడు వినాలి నువ్వు. ఆ ఇంజన్ని మెల్లగా తగ్గించడం కుదరదు కాబట్టి పైలట్ బటన్ నొక్కి నిప్పు ఆపుతాడు, వదులుతాడు. బుర్ర్... నిశ్శబ్దం... బుర్ర్... నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తీగల మీద గాలి ఈల వేస్తుంది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అన్నిటికంటే చివర బ్లేరియో అనే విమానం. 1909 నాటిది, ఇంజనుతో సహా. బ్రిటన్‌లో ఇంకా గాల్లోకి లేస్తున్న విమానాల్లో అంతకంటే పాతది లేదు. నేల మీద నుంచి కొన్ని అడుగులు లేచి, తిన్నగా కొంచెం దూరం పోయి, దిగిపోయింది. అంతే. కోడిపెట్ట గోడ ఎక్కినంత ఎత్తు. ఎవరూ ఊపిరి తీయలేదు.

షో అయ్యాక కంచె దగ్గరికి వెళ్ళాను. ఆ పెద్దాయన పప్ ముక్కు తుడుస్తున్నాడు. సార్, అది ఆముదమేనా, మా ఊరి పంట అది అన్నాను. ఆయన ఆగి, మీ ఊరెక్కడ అన్నాడు. నల్లగొండ జిల్లా అని, నాయనమ్మ కుండ గురించి చెప్పాను. పూర్తిగా విన్నాడు, తొందరపడలేదు. తర్వాత చేతిలో గుడ్డ కంచె మీద నుంచి నాకిచ్చాడు. తీసుకో అన్నాడు. గోధుమరంగు మరక, వేలు పెడితే అంటుకుంటోంది. దాంట్లో ఒక ముక్క కత్తిరించి జిప్పు కవర్లో వేసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. వాసన పోకముందే తెరువు. సగం అమ్మకి చూపించు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నైజాం రాజ్యంలో ఆముదం పెద్ద పంట కదా, ఆ యుద్ధం నాటికి ప్రపంచానికి ఆముదం గింజలు ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. మా ముత్తాత చేలో గింజ ఏ పప్ ఇంజన్లోనో కాలిందేమో! నిరూపించలేను. కానీ ఇంకొకటి ఉంది, అది పక్కా. 1918లో నిజాం నవాబు డబ్బిస్తే బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఎ బాంబర్లు వచ్చాయి. అప్పటి నుంచి దాన్ని హైదరాబాద్ స్క్వాడ్రన్ అనేవారు. ఒక్కో విమానం మీద నిజాం పేరు రాశారు. అందులో ఒకటి లండన్‌లో హెండన్ మ్యూజియంలో ఉంది. జర్మన్లకి పట్టుబడి, బెర్లిన్ పోయి, అక్కడి నుంచి పోలండ్ పోయి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కి మార్పిడిగా వెనక్కి వచ్చింది. మరుసటి వారమే వెళ్ళి చూశాను. దాని పక్కన అక్షరాలు చదివాను. నిజాం ఇచ్చిన డబ్బంటే మన తాతలు కట్టిన శిస్తే కదా అనిపించింది. ఎవరూ వాళ్ళని అడగలేదు... సరే, అది పెద్ద కథ, మనం బావిగట్టు మీద మాట్లాడుకుందాం.

కానీ బావా, ఆ విమానం దగ్గర ఏ వాసనా లేదు. శుభ్రంగా, చల్లగా, కదలకుండా ఉంది. అక్కడ నాకు అర్థమైంది, ఈ షోలకి జనం ఎందుకు ఎగబడతారో. చూడటానికైతే మ్యూజియం చాలు. చప్పుడూ వాసనా అద్దాల పెట్టెలో ఇమడవు.

దాని అన్నదమ్ముడి కథ విను. డీహెచ్ 9 లు కొన్ని బికనీర్ రాజుగారికి వచ్చాయి. వాటి శిథిలాలు చివరికి కోటలో ఏనుగుల కొట్టంలో దొరికాయి! చెదలు తిన్న కట్టె, తుప్పు. వాటిని ఇంగ్లండ్ తెచ్చి ఏళ్ళ తరబడి పని చేసి, 2019లో డక్స్‌ఫర్డ్‌లో ఒకదాన్ని ఎగరేశారు. ఏనుగుల కొట్టం నుంచి ఆకాశానికి!

ఇదంతా ఎన్నాళ్ళుంటుందో అని బెంగగా ఉంది. 2015 ఆగస్టు 22న షోర్‌హమ్ విమాన షోలో పాత హంటర్ జెట్ గింగిరం పూర్తి చేయలేక పక్కనున్న పెద్దరోడ్డు మీద పడింది. పదకొండు మంది పోయారు. టికెట్టు కొన్నవాళ్ళు కాదు, రోడ్డు మీద, రోడ్డు పక్కన ఉన్నవాళ్ళు. మ్యాచ్ ఆడటానికి కారులో పోతున్న ఇద్దరు ఫుట్‌బాల్ కుర్రాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ తల్లుల ముందు నిలబడి నా విమానాలు ఎగరాలి అని నేను అనగలనా? చాలాసార్లు ఆలోచించాను. ఆ తర్వాత నియమాలు బిగించారు, జనానికీ విమానానికీ దూరం పెంచారు, పాత జెట్లు సముద్రం మీద తప్ప నేల మీదుగా విన్యాసాలు చేయకుండా కట్టడి పెట్టారు, ఫీజులు పెంచారు. చిన్న షోల వాళ్ళు విలవిల్లాడారు. అయినా ఆ కట్టడి సరైనదే అంటాను. ఎంత దూరం నుంచైనా చూస్తాను. 2024లో వైమానిక దళం స్పిట్‌ఫైర్ కూలి పైలట్ చనిపోయాడు. ఆ రోజు పాపకి చెప్పలేదు.

సముద్రం ఒడ్డున ఉచితంగా జరిగే పెద్ద షోలు ఒక్కొక్కటే పోతున్నాయి. సండర్‌ల్యాండ్ కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ, కార్బన్ లెక్కలు చూసి ఆపేసింది. బోర్న్‌మత్‌కి 2024 తర్వాత కౌన్సిల్ డబ్బు ఆగిపోయింది. టికెట్టు కొనలేని పిల్లలు ఇసకలో కూర్చుని తలెత్తి చూసిన షోలవి, అదే నాకు ఎక్కువ బాధ. మనం వేపచెట్టెక్కి పురుగుల మందు చల్లే హెలికాప్టర్ చూశామే, అది ఉచితం కాకపోతే నాకు తూనీగ అనే పేరు వచ్చేదా? స్పిట్‌ఫైర్లకి సీసం కలిపిన పెట్రోలు కావాలి, ఆ సీసాన్ని క్రమంగా తీసేస్తున్నారు, బదులు వెతుకుతున్నారు. ఆముదానికి ఆ బాధ లేదు, మన చేలు ఉన్నంతకాలం!

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చేతులది. ఆ ఇంజను చెవితో విని ఏం కావాలో చెప్పగలిగేవాళ్ళు పెద్దవాళ్ళైపోయారు. పుస్తకం చదివి రాదు ఆ పని, మా నాయనమ్మ కుండ దించే క్షణం లాగా. అందుకే ఆ అమ్మాయి మూడోసారి తిప్పినప్పుడు పెద్దాయన తల ఊపాడే, అది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మాటేమీ అనలేదు. ఊపాడు, అంతే.

నువ్వు వచ్చే ఏడు తప్పకుండా రావాలి. చెల్లెమ్మని, పిల్లల్ని తీసుకురా. వీసా కాగితాలు నేను చూస్తాను, టెన్షన్ వద్దు. వచ్చేటప్పుడు ఒక చిన్న సీసాలో వంటాముదం తే, ఇంకా ఎవరైనా వండుతుంటే. ఆ పెద్దాయనకి ఇస్తానని మాటిచ్చాను. అన్నట్టు ఆయన ఒక మాట అడిగాడు, మీ ఊళ్ళో ఇప్పుడు ఆముదం వేస్తున్నారా అని. నేను

అరే, పాప ఈత అయిపోయి తల తుడుచుకోకుండా కారు అద్దం కొడుతోంది. జలుబు చేస్తుంది. ఉంటాను. ఆముదం వేస్తున్నారో లేదో కనుక్కుని వెంటనే రాయి.

నీ
తూనీగ