పేరు ప్రిన్స్‌ది, ఆట ఎవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో పిల్లలు ఆడుకోదగ్గ వీడియో గేముల గురించి ఒక పేజీ వేశారు. బాగానే ఉంది కానీ, అందులో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' దగ్గర 2003లో వచ్చిందే మొదటి ఆట అన్నట్టు రాసేశారు. కాదండీ. మొదటిది వచ్చింది 1989లో. 2003లో వచ్చినది 'శాండ్స్ ఆఫ్ టైమ్', అప్పటికే అదే పేరు మీద మూడు ఆటలు వచ్చి వెళ్లాయి. తేదీ తప్పు పడటం ఏ పేపర్లోనైనా ఉండేదే, దానికోసమే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ని కాదు. మీ పేజీ రాసినవారి తప్పు కూడా పెద్దగా లేదనే అనుకుంటున్నాను. ఒకే పేరు మీద ఆట మీద ఆట వస్తూ ఉంటే అసలుది అడుక్కి పోతుంది, వెతికినవాడికి పైనున్నదే దొరుకుతుంది. నా ఉక్రోషమంతా దాని మీదే.

నేనెవరో చెప్తాను. తెనాలిలో జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు నాది. అంతకుముందు కొన్నేళ్లు అదే గదిలో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను, గంటకి పదిహేను రూపాయలు. ఇంకా వెనక్కి పోతే, 1996లో ఇంటర్ పరీక్షలు అయిపోయాక మా నాన్న నన్ను ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్ నేర్పేవాళ్లు. మిగతావన్నీ మర్చిపోయాను కానీ, రాత్రి ఎనిమిది దాటాక సార్ ఇంటికెళ్లిపోతే అసిస్టెంట్ అన్న మమ్మల్ని ఆడుకోనిచ్చిన ఆట మాత్రం ఇప్పటికీ చేతివేళ్లకు గుర్తుంది.

కథ ఏమీ లేదు. జాఫర్ అనే వజీరు రాకుమారిని బంధించి గంట టైమిస్తాడు, మనం కింద చెరసాల్లో ఉంటాం. అరవై నిమిషాల్లో పైకి చేరాలి, ఎన్నిసార్లు చచ్చినా గడియారం ఆగదు. ఆ మనిషి పరిగెత్తడం, అంచు పట్టుకుని వేలాడటం, ఊపిరి బిగబట్టి పైకి లాక్కోవడం చూసి మేం నోళ్లు తెరిచేవాళ్లం. అప్పటి ఆటల్లో బొమ్మలు గెంతేవి, వీడు మాత్రం మనిషిలా గెంతేవాడు. తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడికి తెల్ల బట్టలు వేసి, పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ ఫ్రేములు చూసి ఒక్కొక్క బొమ్మా గీశాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే కాబోలు ఒంట్లో బరువున్నట్టు ఉండేది. కీ ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కితే గోతిలో మేకుల మీద పడేవాడు, ఆ చప్పుడికి పక్క సిస్టమ్ దగ్గరున్నవాడు కూడా అబ్బా అనేవాడు.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది చెప్పకపోతే నా బాధేంటో మీకు అర్థం కాదు. నాలుగో లెవల్లో దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. పరిగెత్తుకుంటూ వెళ్లి దాంట్లోంచి దూకితే, అవతలి వైపు నుంచి మన నీడ బయటకొచ్చి పారిపోతుంది. తర్వాత లెవల్లో మనం తాగాల్సిన మందు అది తాగేస్తుంది, ఆ తర్వాత మనం వెళ్లాల్సిన గేటు మూసేస్తుంది. పన్నెండో లెవల్లో కత్తి దూసి ఎదురొస్తుంది. దాన్ని ఒక్క పోటు పొడిస్తే ఒక ప్రాణం పోయేది మనకే. ఎన్ని రాత్రులు అక్కడ చచ్చామో లెక్కలేదు. చివరికి మాలో ఒకడు విసుగొచ్చి కింది బాణం కీ నొక్కాడు, కత్తి ఒరలోకి పోయింది, నీడ కూడా కత్తి దించింది, రెండూ ఎదురెదురుగా నడిచి ఒకటైపోయాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆట మొదట తయారైన ఆపిల్ 2 అనే కంప్యూటర్ మెమరీలో ఇంకో మనిషి బొమ్మలు పెట్టడానికి చోటు చాలక, ప్రిన్స్ బొమ్మలనే కొద్దిగా మార్చి ఈ నీడను పుట్టించాడట మెక్నర్. చోటు లేకపోవడంలోంచి అంత గొప్ప ముచ్చట పుట్టింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఆట మేం కొనలేదు. ఫ్లాపీలో కాపీ చేసుకున్నాం, ఆ ఊళ్లో అందరూ అంతే. ఒక్క పైసా ఇవ్వనివాడివి నీకేం హక్కుందిరా అంటే నిజమే, జవాబు లేదు. తర్వాత కొన్నవాటికి మాత్రం డబ్బులిచ్చాను, ఆ సంగతి కిందికొస్తుంది.

1993లో రెండో భాగం వచ్చింది, అది మెక్నర్ చేయి ఉన్నదే, పేచీ లేదు. 1999లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా 3డి' వచ్చింది. మొదటి ఆట అమ్మిన బ్రోడర్‌బండ్ కంపెనీ అంతకుముందు ఏడాదే చేతులు మారింది, ఆట హడావిడిగా బయటికొచ్చింది, తప్పుల తడక అని అప్పుడే అందరూ తిట్టారు. అప్పట్లో ప్రతి పాత ఆటనీ 3డిలోకి లాక్కురావాల్సిందే అన్నట్టుండేది. ఆ గెంతులో ఉన్న లెక్క, అంటే అడుగు ఎక్కడ వేస్తే ఎక్కడ తేలతామో కళ్లకు కట్టినట్టు కనిపించడం, పక్కనుంచి చూసే ఆటలోనే ఉంది. కెమెరా వెనక్కి పోగానే అది పోయింది, పేరు మిగిలింది.

'శాండ్స్ ఆఫ్ టైమ్' మీద నాకు కోపం లేదు, అపార్థం చేసుకోకండి. యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ వాళ్లు మెక్నర్‌నే పిలిచి కథ రాయించుకున్నారు, గెంతునే మళ్లీ ఆటకు ప్రాణం చేశారు. తప్పు దూకితే కాలాన్ని వెనక్కి తిప్పుకునే బాకు ఒకటి ఇచ్చారు. పాత ఆటలో గడియారం మనల్ని తరిమింది, ఇందులో గడియారం మన చేతికొచ్చింది. పాత ఆటను నమిలి జీర్ణం చేసుకున్నవాడికే ఇలాంటిది తడుతుంది. మరి అది అనుకున్నంత అమ్ముడుపోలేదు. దాంతో 2004లో 'వారియర్ వితిన్' అని ప్రిన్స్‌కి గెడ్డం పెంచి, మొహం మాడ్చి, మెటల్ బ్యాండు పాటలు పెట్టి, రక్తం పారించి వదిలారు. ఆ రోజుల్లో అలాంటివే ఆడుతున్నాయి కదా అని. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. ఆ రక్తపాతం, ఆ ధోరణి తనకు నచ్చలేదని మెక్నరే బయటికి చెప్పాడు.

కానీ నిజం చెప్పాలంటే నా నెట్ సెంటర్లో కుర్రాళ్లు దానికే ఎగబడ్డారు. నాకు గల్లా పెట్టె నిండింది. ఒకరోజు ఉండబట్టలేక ఒకడికి పాత ఆట తెరిచి చూపించాను. రెండు నిమిషాలు చూసి, "ఇదేంటన్నా, ప్రిన్స్ పేరు పెట్టి ఎవరో డూప్లికేట్ చేసినట్టుంది" అన్నాడు. అసలుదే నకలైపోయింది! ఆరోజు నవ్వేశాను గానీ మీ అనుబంధం చూశాక వాడి మాటే గుర్తొచ్చింది.

దీంట్లో ఒక చిత్రం చూడండి. ఆ తర్వాత యూబీసాఫ్ట్‌లో ప్రిన్స్ వరసలోనే ఇంకో ఆట మొదలుపెట్టారు, అందులో హీరో ప్రిన్స్ కాదు, అతన్ని కాపాడే హంతకుడు. ప్రిన్స్ హీరో కాని ప్రిన్స్ ఆట ఏంటని పేరు తీసేశారు. అదే 2007లో 'అసాసిన్స్ క్రీడ్' అయింది, ప్రపంచమంతా ఆడింది. సొంత పేరుతో వెళ్లింది, సొంతంగా బతికింది. అదే కంపెనీ 2008లో మళ్లీ ఉత్త 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అనే పేరుతోనే ఇంకో ఆట దింపింది, ముందు వెనక ఏమీ లేకుండా. ఇప్పుడు ఆ పేరు వెతికితే ఏది ఏదో విప్పుకోవాల్సింది మనమే. దాని కథ సగంలో ఆపి, మిగతా ముగింపు మరుసటి ఏడాది విడిగా అమ్మారు, అదీ కన్సోల్ (టీవీకి తగిలించే గేమ్ మెషీన్) ఉన్నవాళ్లకే, పీసీలో ఆడేవాళ్లకు డబ్బులిస్తామన్నా దొరకలేదు. 2010లో ఇదే పేరుతో సినిమా వచ్చే సమయానికి సరిపోయేలా ఇంకొకటి. దాని గురించి చెప్పేదేం లేదు.

2020 సెప్టెంబర్లో 'శాండ్స్ ఆఫ్ టైమ్'నే కొత్తగా చేస్తున్నాం అని ప్రకటించారు, చేసేది పుణే, ముంబై స్టూడియోలు. మనవాళ్లు చేస్తున్నారని నాకు ఎంత సంబరమో. ట్రైలర్ రాగానే ఆ మొహాలేంటి, ఆ రంగులేంటి అని లోకమంతా ఆడిపోసుకుంది. 2021 జనవరిలో రావాల్సింది వాయిదా పడింది, మళ్లీ పడింది, 2022 మేలో పని మాంట్రియాల్‌కి తీసుకెళ్లిపోయారు. నెట్లో మాత్రం తిట్లన్నీ మన కుర్రాళ్లకే పడ్డాయి. జనం ప్రాణంగా దాచుకున్న పేరును నెత్తిన పెట్టేటప్పుడు దానికి తగ్గ టైమూ డబ్బూ ఇచ్చారా లేదా అని అడిగినవాళ్లు తక్కువ.

2024 జనవరిలో వచ్చిన 'ది లాస్ట్ క్రౌన్' సంగతి వేరు. మళ్లీ పక్కనుంచి చూసే ఆట, మళ్లీ గెంతు. హీరో సార్గాన్ అనే యోధుడు, ఎత్తుకుపోయిన రాకుమారుణ్ని వెతకడానికి వెళ్తాడు. పర్షియన్ భాషలో మాటలు కూడా పెట్టారు. మా మేనల్లుడు ఆడుతూ "మావయ్యా, ఇందులో నువ్వు ప్రిన్స్‌వి కాదు, తెలుసా" అన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని రాత్రి ఒంటిగంట దాకా చూశాను. ప్రిన్స్ హీరో కాకపోయినా నాకు అది ప్రిన్స్ ఆటలాగే ఉంది. అంత బాగా చేసిన టీమును అదే ఏడాది విడదీసి తలా ఒక పనికి పంపేశారు. ఇదేం న్యాయమో.

ఇదంతా ఒక్క ఆట గోల కాదు. మా నెట్ సెంటర్‌ని పోషించిన 'వైస్ సిటీ'తో సహా మూడు జీటీఏ (గ్రాండ్ తెఫ్ట్ ఆటో) ఆటల్ని 2021 నవంబర్లో 'డెఫినిటివ్ ఎడిషన్' అని కొత్తగా పాలిష్ పట్టి అమ్మారు. అందులో 'శాన్ ఆండ్రియాస్'లో ఒక డోనట్ల దుకాణం ఉంటుంది, పేరు 'టఫ్ నట్', పైన బోర్డుగా డోనట్‌కి బదులు పెద్ద ఆరు పలకల ఇనప నట్టు. జోకు అదే. కొత్తదాంట్లో అన్నీ నున్నగా చేసే హడావిడిలో ఆ పలకలు కూడా అరిగిపోయి ఉత్త గుండ్రటి చక్రమైంది. పాత ఆట ఒక్కసారైనా శ్రద్ధగా చూసినవాడు ఆ తప్పు చేస్తాడా? అదీ కాదు, కొత్తది అమ్ముడుపోవాలని పాత మూడింటినీ ముందే ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేశారు. జనం దుమ్మెత్తిపోస్తే క్షమాపణ చెప్పి, పీసీకి పాతవాటిని తమ దుకాణంలో మళ్లీ పెట్టారు.

ఇప్పుడు నా డబ్బుల సంగతి. పోయినేడాది మేనల్లుడి పుట్టినరోజుకి ఒక పాత రేసింగ్ ఆట కొత్త రూపం కొన్నాను, 2,499 రూపాయలు. ఎవరిదో పేరు రాయను. పెట్టె మీద బొమ్మ, అక్షరాలు, మ్యూజిక్కు అన్నీ పాతవే, చూడగానే మనసు లాగింది. ఇంటికొచ్చి పెడితే ఒక్కడివే ఆడుకోవడానికి కూడా నెట్ కావాలి, అకౌంట్ కావాలి. నేను చిన్నప్పుడు నడిపిన బండికి కావాల్సిన రంగు ఇప్పుడు విడిగా కొనాలి. వాపసు అడిగితే రెండు గంటలు దాటింది కుదరదన్నారు, అందులో గంటన్నర అప్‌డేట్ దిగడానికే పోయింది సార్ అంటే వినే మనిషి లేడు, అవతల ఉన్నది కంప్యూటర్. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే బాపతు. వాసనకే 2,499.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు ఇచ్చారు కదా, ఎక్కడ పడితే అక్కడ ఎలా పడితే అలా చేసి ఆ పేరు పెట్టడానికి లేదని. ఆటలకు అలాంటిది పెట్టమని నేను అడగట్లేదు, పేరు ఎవరు కొనుక్కుంటే వాళ్లదే, చట్టం అంతే. ఒక్కటే అడుగుతున్నాను. కొత్తది ఎన్నైనా చేసుకోండి, పాతదాన్ని మాత్రం అమ్మకం నుంచి తీసేయకండి. పక్కన పెట్టండి, వంద రూపాయలకో రెండొందలకో. ఈసారి నేను కొంటాను, 1996 బాకీ కూడా తీరుతుంది. మెక్నర్ తన మొదటి ఆట కోడు ఉన్న డిస్కులు పోయాయనుకుంటే వాళ్ల నాన్నగారికి ఇంట్లో దొరికాయి, 2012లో ఆ కోడు మొత్తం అందరూ చూసుకోడానికి నెట్లో ఊరికే పెట్టేశాడు. ఒక్క మనిషి చేయగలిగినప్పుడు వేల మంది పనిచేసే కంపెనీలకు ఏం అడ్డం?

మీరు కూడా ఈసారి గేముల పేజీ వేసేటప్పుడు పాత పేరుతో వచ్చిన ప్రతి కొత్త ఆట కింద ఒక్క లైను చేర్చండి: మొదటిది ఎప్పుడు వచ్చింది, ఎవరు చేశారు, ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా లేదా అని. 2003ని 1989 అని సవరించి వేస్తే సంతోషం.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి

తా.క.: మేనల్లుడికి షాపులో సిస్టమ్‌లో పాత ప్రిన్స్ పెట్టిచ్చాను. పన్నెండో లెవల్ దగ్గర వారం నుంచి నీడని పొడుస్తూనే ఉన్నాడు, నన్ను అడుగుతున్నాడు. నేను చెప్పలేదు. ఈ ఉత్తరం వేస్తే ఆ పేరా వాడి కంటపడుతుంది, కాబట్టి ఓ పది రోజులు ఆగి వేయండి.