పనివాళ్ల బీమాపై ఇంకా 18 శాతం పన్నా?

సంపాదకులకు,

ఆరోగ్య బీమాపై జీఎస్టీ ఎత్తివేయడంతో జనానికి పెద్ద ఊరట కలిగిందంటూ గత ఆదివారం మీ పత్రికలో వ్యాసం వచ్చింది. రెండుసార్లు చదివాను. మాలాంటి చిన్న యజమానుల గురించి, మా దగ్గర పనిచేసేవారి గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. అందుకే ఆలస్యమైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా లారీలకు బాడీలు కట్టే షెడ్డు నడుపుతున్నాను. వెల్డర్లు, వడ్రంగి, పెయింటర్, హెల్పర్లు అందరూ కలిసి ఎనిమిది మంది. కుటుంబానికి 3 లక్షల చొప్పున వాళ్లందరికీ గ్రూపు ఆరోగ్య బీమా చేయించాను. ఏ చట్టమూ నన్ను అడగలేదు. ఇనుముతో, నిప్పుతో పనిచేసేవాళ్లు, రేపు ఏదైనా అయితే ఆ ఇంటి ముందుకు ఏ ముఖంతో వెళ్లాలని నేనే చేయించాను. ఈ నెల రెన్యువల్ కాగితం వచ్చింది. ప్రీమియం 96,000 రూపాయలు, దాని కిందే జీఎస్టీ 17,280 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను లేదన్నారు కదా అని ఏజెంటుకు ఫోను చేస్తే, అది వ్యక్తిగత పాలసీలకేనండీ, గ్రూపు పాలసీలకు వర్తించదు అన్నాడు.

వ్యక్తిగత, కుటుంబ పాలసీలకు పన్ను తీసేసిన జీఎస్టీ మండలి, గ్రూపు పాలసీలను మాత్రం ముట్టుకోలేదు. వేలమంది ఉద్యోగులున్న కంపెనీనీ, ఎనిమిది మందితో నడిచే షెడ్డునూ ఒకే గాటన కట్టేసింది. వ్యాపారులు ఆ పన్నును తాము కట్టాల్సిన జీఎస్టీలో ఎలాగూ సర్దుబాటు చేసుకుంటారని కొందరు అనుకుంటారు. రేకుల మీద, పెయింటు మీద కట్టిన పన్ను సర్దుబాటయ్యే మాట నిజమే. పనివాళ్ల ఆరోగ్య బీమాపై కట్టింది మాత్రం కాదు. బీమా చేయించి తీరాలని చట్టం నిర్బంధించినచోట మాత్రమే ఆ సర్దుబాటు, అంటే క్రెడిట్, ఇస్తారు. నిర్బంధం లేకుండా సొంతంగా చేయిస్తే ప్రతి రూపాయీ చేతినుంచి పోవలసిందే. ఇదేం పద్ధతి?

ఎవరి పాలసీ వాళ్లకు విడిగా తీసుకోవచ్చుగా అని ఏజెంటే సలహా ఇచ్చాడు. మా పెద్ద వెల్డరుకు షుగరు ఉంది. విడి పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు. మా గ్రూపు పాలసీలో ఆ గడువు లేదు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అనేవారూ ఉన్నారు. పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ అయిన ఆ పథకంలో, బకాయిలు రాలేదని 2025 అక్టోబరులో ఆసుపత్రులు సేవలు ఆపేసిన సంగతి అందరూ చూశారు. పైగా మా దగ్గరి ముగ్గురు ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు ఇక్కడి కార్డే లేదు.

ఇక కార్మికులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా పథకం ఈఎస్‌ఐ. గుణదలలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. మా షెడ్డుకు అదేమంత దూరం కాదు. కానీ పది మంది ఉన్న చోటే అది తప్పనిసరి కనుక మావాళ్లు దాని కిందకు రారు. మా పక్క షెడ్డులో పన్నెండు మంది ఉన్నారు. అక్కడి మేస్త్రీ జీతం 23,000 కాబట్టి అతనికీ లేదు. 21,000 రూపాయల జీతం పరిమితిని 2017 జనవరిలో పెట్టారు. ఆ తర్వాత బియ్యం ధర పెరిగింది, ఇంటి అద్దె పెరిగింది, ఆ అంకె మాత్రం కదలలేదు. ఢిల్లీలో కూర్చుని ఈ పరిమితులు రాసేవారు ఒక్కసారి ఆటోనగర్ రోడ్డు మీద నడిచి చూడాలి.

కట్టిన బీమా అయినా సజావుగా అందుతుందా? నిరుడు మా వెల్డరుకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. డాక్టరు ఉదయం 11 గంటలకే ఇంటికి వెళ్లమన్నాడు. బీమా కంపెనీ అనుమతి వచ్చేసరికి రాత్రి ఏడున్నర. మూడు గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధన ఉంది. చేతికి సూది తీసేసిన చోట దూది అంటించుకుని అతను, బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని అతని భార్య, బిల్లుల కౌంటరు ఎదుటి ఇనుప బెంచీ మీదే అప్పటిదాకా కూర్చున్నారు. పాలసీలో గది అద్దె రోజుకు 3,000 దాటకూడదట. ఆ ధరలో గది ఖాళీ లేదని 4,500 గది ఇచ్చారు. దానితో గది అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో కోసేశారు. 54,000 కు 36,000 వచ్చింది. మిగతా 18,000 దాదాపు అతని నెల జీతం. ఆ ఒక్క క్లెయిము చూపించి, 78,000 ఉన్న మా గ్రూపు ప్రీమియాన్ని ఈ ఏడాది 96,000 చేశారు.

నా సొంత పాలసీ సంగతీ చెప్పాలి. పన్ను పోయిన మాట నిజమే కానీ, వయసు శ్లాబు మారిందని ప్రీమియం అంతకుమించి పెరిగింది. అరవై దాటినవారికి ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు. నాకు 57. అప్పటిదాకా నాకు ఆ రక్షణ లేదన్నమాట. కొత్త పన్ను విధానంలోకి మారినవారికి ఆరోగ్య బీమా ప్రీమియంపై ఆదాయపు పన్నులో ఉండే మినహాయింపు కూడా లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. 20 మంది లోపు పనివాళ్లున్న చోట్ల గ్రూపు ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేయండి. అది కుదరకపోతే కట్టిన పన్నుకు క్రెడిట్ అయినా ఇవ్వండి. మన తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కూడా జీఎస్టీ మండలిలో సభ్యులే. వచ్చే సమావేశంలో ఈ విషయం వాళ్లు ఎత్తాలి. నా రెన్యువల్ గడువు 28వ తేదీ. ఈసారికి 1,13,280 రూపాయలూ కడుతున్నాను. మా వీధిలోనే ఇంకో ఇద్దరు యజమానులు ఈ భారం మోయలేక ఈ ఏడాది పాలసీ మానేశారు. వాళ్ల షెడ్లలో పదమూడు కుటుంబాలకు ఇప్పుడు ఏ బీమా లేదు.

— ఒక వర్క్‌షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ